మేడమీది గది

అమెరికాలో మేముండే ఊళ్ళో లైబ్రరీవాళ్ళు ఏటా పాత పుస్తకాలు అమ్ముతారు. పోయినేడు అక్కడ ఒక అట్టపెట్టె అడుగున దాస్తొయెవ్‌స్కీ ‘క్రైమ్ అండ్ పనిష్‌మెంట్’ దొరికింది. హెరిటేజ్ ప్రెస్ వాళ్ళ ప్రతి, ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్ బొమ్మలతో. పైన గట్టి అట్టతొడుగు కూడా చెక్కుచెదరలేదు. వెల 6 డాలర్లు.

ఇలాంటి ప్రతులంటే నాకు కొంచెం పిచ్చి. జార్జ్ మేసీ అనే ఆయన 1929లో న్యూయార్క్‌లో లిమిటెడ్ ఎడిషన్స్ క్లబ్ పెట్టి, ఒక్కో పుస్తకం సభ్యుల కోసం 1500 ప్రతుల దాకా మాత్రమే వేయించేవాడు. చాలావాటిలో చిత్రకారుడి సంతకం ఉండేది. అంత డబ్బు పెట్టలేనివాళ్ళ కోసం 1935లో హెరిటేజ్ ప్రెస్ మొదలుపెట్టాడు. బొమ్మలుంటాయి, మంచి కాగితం ఉంటుంది, సంతకం ఉండదు. పుస్తకంతోపాటు ‘శాండ్‌గ్లాస్’ అనే చిన్న కరపత్రం ఒకటి వచ్చేది. సేకరించేవాళ్ళు ముందు అది ఉందా లేదా అని చూస్తారు. నా ప్రతిలో ఉంది. ఇంటికొచ్చేదాకా ఆ సంబరంలోనే ఉన్నాను.

రాత్రి తీరిగ్గా తెరిచాను. ఐకెన్‌బర్గ్ 1901లో కొలోన్‌లో పుట్టిన యూదుడు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లోనే జర్మనీ వదిలి అమెరికా వచ్చేశాడు. ఇవి ఆయన చెక్క మీద చెక్కిన బొమ్మలు. గట్టి చెక్కను అడ్డంగా కోసి, అద్దంలా నున్నగా చేసి, సన్నని ఉలితో గీతలు తవ్వుతారు. తవ్విన చోట కాగితం తెల్లగా మిగులుతుంది, తవ్వనిదంతా నల్లగా అచ్చవుతుంది. అంటే పని మొదలుపెట్టేటప్పటికి బొమ్మంతా చీకటే. అందులోంచి ఒక చెంపనీ, ఒక చేతినీ ఒక్కో గీతగా వెలుగులోకి తీయాలి. ఈ నవలకి ఇంతకంటే తగిన పద్ధతి ఉండదనిపించింది.

కానీ రస్కోల్నికోవ్ బొమ్మ దగ్గర ఆగిపోయాను. ‘ఇతను కాదే’ అనుకున్నాను. బొమ్మలో లోపమేమీ లేదు. నా రస్కోల్నికోవ్‌కి ముప్పై అయిదేళ్ళుగా మా అన్నయ్య మొహం ఉంది, అంతే.

ఈ నవల మొదటిసారి తెనాలిలో చదివాను, విశాలాంధ్రలో కొన్న మాస్కో ప్రచురణ. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ఆ ఏడే అన్నయ్య ఇంజనీరింగ్ మధ్యలో మానేసి ఇంటికొచ్చి, మేడమీది గదిలో పడుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మ అన్నం కంచం గది ముందు పెట్టి వచ్చేది. సాయంత్రం వెళ్ళి చూస్తే సగం అలాగే ఉండేది. నాన్న అతని పేరెత్తడమే మానేశాడు. నేను కింద వరండాలో కూర్చుని, చదువు మానేసి ఇంటికప్పు కింద బీరువాలాంటి గదిలో పడివున్న ఒక కుర్రాడి కథ చదువుతున్నాను. అతని ఇంటి గేటు నుంచి ఆ వడ్డీ ముసలామె ఇంటికి సరిగ్గా 730 అడుగులు. మా అన్నయ్య గదికి పంతొమ్మిది మెట్లు. ఆ ఆరు నెలల్లో నేను అవి ఎక్కింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పుస్తకంలోవాడి కోసం మాత్రం ఏడ్చాను.

ఈసారి చదువుతుంటే నన్ను పట్టుకున్నది రజుమీఖిన్. అప్పుడు వాణ్ణి ఉత్త వాగుడుకాయ అనుకున్నాను. వాడూ డబ్బులేక చదువు ఆపుకున్నవాడే. అయినా తనకొచ్చిన అనువాదం పనిలో కొంత తీసి స్నేహితుడికి ఇస్తాడు, మూడు రూబుళ్ళు చేతిలో పెడతాడు. అతను తిరిగిచ్చేసి వెళ్ళిపోయినా పట్టించుకోడు. జ్వరంలో ఉన్నాడని తెలిసి గదికి వస్తాడు, టోపీ, పంట్లాం, బూట్లు కొనుక్కొస్తాడు. పొమ్మన్నా పోడు. ఇందులో పెద్ద తత్త్వమేమీ లేదు. మెట్లెక్కి రావడమే వాడు చేసిన పని.

మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేశాను. తను తెనాలిలోనే ఉంటాడు, స్టేషనరీ షాపు నడుపుతాడు. పుస్తకం సంగతి చెప్పి, ఇన్నాళ్ళూ అడగనిది అడిగేశాను.

“అన్నయ్యా, అప్పుడు నేను పైకి రాలేదని నీకెప్పుడూ కష్టంగా అనిపించలేదా?”

కాసేపు మాట్లాడలేదు. షాపులో ఎవరికో చిల్లర ఇస్తున్న చప్పుడు వినిపించింది.

“మెట్లదాకా వచ్చి ఆగిపోయేవాడివిరా. చెప్పుల చప్పుడు వినపడేది. ఇవాళ ఎక్కుతాడేమోనని చూసేవాణ్ణి.”

నా దగ్గర జవాబు లేదు. తనే మళ్ళీ, “సర్లే, బొమ్మలెలా ఉన్నాయి?” అన్నాడు.

“బావున్నాయి. కానీ వాడు నీలా లేడు.”

నవ్వాడు. “నేనెందుకురా అందులో? వచ్చేటప్పుడు తీసుకురా, చూద్దాం” అన్నాడు.

జనవరిలో వెళ్తున్నాను. దారిలో అంచులు నలుగుతాయి, తొడుగు విరిగినా విరుగుతుంది. అప్పుడిక సేకరించేవాళ్ళ దృష్టిలో ఈ ప్రతికి పెద్ద విలువుండదు. అయినా తీసుకెళ్తున్నాను. తను ఇప్పటికీ ఆ మేడమీదే ఉంటాడు.