చేప మంచిదేనా, త్రాసు మంచిదేనా?

పిల్లలూ! బజారులో ఏదైనా తూచి ఇచ్చేటప్పుడు మీరు త్రాసును ఎప్పుడైనా అనుమానించారా? మా అమ్మమ్మ అనుమానించేది.

నా చిన్నతనంలో కొల్లేటి చేపలు తట్టలలో ఏలూరు వచ్చేవి. అమ్మమ్మ కొర్రమీను బేరమాడి, ఒక్కసారి తూస్తే ఒప్పుకునేది కాదు. "రాళ్ళు అటు, చేప ఇటు వేసి మళ్ళీ తూచు," అనేది. చేపను ఎటు వేసినా ఒకే పక్క పళ్ళెం కిందికి దిగితే తప్పు చేపది కాదు, త్రాసుది!

ఆ ఉపాయం ఈమధ్య నాకు ఒక పాత మైకుసెట్టు దగ్గర పనికివచ్చింది. ఎలాగో చెబుతాను.

మా మామయ్య తాడేపల్లిగూడెంలో మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు దానిని పడవలో, గోనెసంచుల మధ్య పెట్టి, నీటిచుక్క పడకుండా తీసుకువెళ్ళేవాడు. దాని ఆంప్లిఫయరులో ఇప్పటిలాగా చిప్పులు లేవు. గాజు వాల్వులు ఉండేవి. ఇప్పుడు మామయ్యకు ఎనభై ఏళ్ళు దాటాయి. "ఒక్కసారి దాని గొంతు వినిపించరా," అని అడిగాడు. సరేనని ఆంప్లిఫయరును ఏలూరు తెచ్చాను.

వాల్వులో వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రానులు ప్లేటుకు పోతాయి. నడుమ గ్రిడ్డు అనే తీగజల్లెడ ఉంటుంది. దీనిని 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ చేర్చాడు. గ్రిడ్డు మన కాలువ తూము తలుపు వంటిది. పాట లేనప్పుడు కూడా తలుపు కాస్త తెరిచి ఉండాలి. మరీ మూస్తే పాట చీలినట్టు వినిపిస్తుంది. మరీ తెరిస్తే ప్లేటు ఎర్రగా కాగి, వాల్వు పాడవుతుంది. అలా ఊరికే పారే ఆ కాస్త ప్రవాహమే బయాస్ కరెంటు.

దీనిని కొలవడానికి మామయ్య ఒక్కొక్క వాల్వు కింద 10 ఓముల రెసిస్టరు వేసి ఉంచాడు. దాని మీద వోల్టేజి చూసి, 10తో భాగిస్తే కరెంటు తెలుస్తుంది. మొదటి వాల్వు దగ్గర మీటరు 0.4 వోల్టు చూపింది. అంటే 40 మిల్లీఆంపియర్లు. బాగుంది. రెండవ దాని దగ్గర 0.6 వోల్టు! అంటే 60. ప్లేటు మీద 430 వోల్టులున్నాయి. రెండూ గుణిస్తే దాదాపు 26 వాట్లు. ఆ ఇ.ఎల్. 34 వాల్వు భరించగలిగేది 25 వాట్లే. వెంటనే ఆపేశాను.

'రెండవ వాల్వు పోయింది,' అనుకున్నాను. అటువంటిది ఇప్పుడు ఊళ్ళో దొరకదు. మామయ్యకు ఏమని చెప్పను? ఆ వాల్వును చెత్తబుట్టలో వెయ్యబోతూండగా అమ్మమ్మ మాట జ్ఞాపకం వచ్చింది.

వాల్వులు చల్లారాక, రెంటినీ అటుదిటు మార్చి మళ్ళీ కొలిచాను. విచిత్రం! 0.6 వాల్వు వెంట పోలేదు, పాతచోటనే ఉండిపోయింది! అయితే ఆ చోట తూము తలుపు ఎక్కువ తెరుచుకున్నదేమో? గ్రిడ్డుల వోల్టేజి చూస్తే రెండు చోట్లా సమానమే. ఇక మిగిలింది రెసిస్టరు. కరెంటు తీసేసి దానిని కొలిచాను. 10 ఓములు కావలసినది, ఏళ్ళ తరబడి వేడికి 15 అయి కూర్చున్నది! 0.6ను 15తో భాగించి చూడండి. సరిగ్గా 40 మిల్లీఆంపియర్లు! వాల్వు మొదటినుంచీ మంచిదే. నేను నమ్మిన కొలతే తప్పు.

పిల్లలూ, ఒక హెచ్చరిక: ఇటువంటి పెట్టెను మీరు ఎన్నడూ విప్పకండి. స్విచ్చి తీసిన తరువాత కూడా లోపలి కండెన్సర్లలో ప్రాణం తీసే విద్యుత్తు దాగి ఉంటుంది. దానిని ముందు ఖాళీ చెయ్యాలి. పని తెలిసిన మామయ్య కూడా కరెంటు ఉండగా ఒక చెయ్యి వీపు వెనకే పెట్టుకునేవాడు.

కొత్త రెసిస్టరు వేసి, ఆంప్లిఫయరును తాడేపల్లిగూడెం తీసుకువెళ్ళాను. సన్నాయి పాట మోగగానే మామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తరువాత జరిగినదంతా చెప్పాను. ఆయన అమ్మమ్మ కొడుకే గదా! పకపకా నవ్వి, "అయితే చేప మంచిదేనన్నమాట!" అన్నాడు.