ఊఁ కొట్టే సర్వర్లు

పోయినసారి వంటింటి మాటలు రాశాను. ఈసారి నా పాత ఉద్యోగం మాటలు. ముప్పై ఏళ్లు సర్వర్లతో పనిచేశాను కానీ ఆ పని గురించి తెలుగులో ఒక్క వాక్యం కూడా ఎప్పుడూ చెప్పలేదు. పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లో, చదువంతా ఇంగ్లీష్ మీడియం, ఆ తర్వాత అమెరికా. అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. కాబట్టి ఇది నాకూ పరీక్షే.

మొదట ఒక మాట దగ్గరే ఆగిపోయాను. హై అవైలబిలిటీని తెలుగులో ఏమనాలి? ఒక డిక్షనరీ చూసి "అధిక లభ్యత" అని రాసుకుని అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఏం, అక్కడ వంకాయలు బాగా దొరుకుతున్నాయా?" అంది. ఆ మాట అక్కడే కొట్టేశాను. "ఆగకుండా నడవడం" అంటే అమ్మకి అర్థమైంది, నాకూ అర్థమైంది.

ఆగకుండా నడపడం మనవాళ్లకి కొత్త కాదు. కోనసీమలో అమ్మమ్మగారి ఊళ్లో రామాలయం దగ్గర ఏకాహం జరిగేది. ఇరవై నాలుగు గంటలు భజన ఆగకూడదు. ఏడు రోజులు చేస్తే సప్తాహం. ఒక్క జట్టు అంతసేపు పాడలేదు, గొంతు పోతుంది. అందుకని జట్లు మారుతుంటాయి. వేసవి సెలవుల్లో నేను చూసింది ఏమిటంటే, పాత జట్టు లేచాక కొత్త జట్టు కూర్చోదు. కొత్తవాళ్లు ముందు వచ్చి పక్కన కూర్చుని, తాళం అందుకుని, గొంతు కలుపుతారు. అప్పుడు పాతవాళ్లు ఒక్కొక్కరే లేస్తారు. దూరం నుంచి వినేవాళ్లకి జట్టు మారిందని కూడా తెలీదు. సర్వర్‌ని రిపేరుకి దించేటప్పుడు మేం చేసేదీ ఇదే. కొత్తగా వచ్చేవాళ్లని రెండో మెషీన్‌కి పంపిస్తాం, మొదటి దానిలో ఉన్నవాళ్ల పని పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు ఆపుతాం.

చెప్పి ఆగిపోవడం వేరు, చెప్పకుండా ఆగిపోవడం వేరు. రెండోదే కష్టం. పక్క సర్వర్ పోయిందని ఈ సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ మీరు నేర్చుకోవాల్సిన మాట "ఊఁ కొట్టడం". రాత్రి అమ్మమ్మ కథ చెప్తుంటే మేం ఊఁ, ఊఁ అంటుండాలి. ఊఁ ఆగితే నిద్రపోయినట్టు, కథ ఆపేసేది. సర్వర్లూ అంతే. సాధారణంగా సెకనుకి ఒకసారి "ఉన్నాను" అని చిన్న సందేశం పంపుతుంటాయి. మూడుసార్లు వరసగా వినపడకపోతే రెండోది పని అందుకుంటుంది. ఇంగ్లీష్‌లో దీన్ని గుండె చప్పుడు అంటారు. నాకు మన ఊఁ ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఊఁ మోసం కూడా చేస్తుంది. మా తమ్ముడు నిద్రలో కూడా ఊఁ కొట్టేవాడు. అమ్మమ్మకి అనుమానం వచ్చి "ఇప్పుడు రాజు ఎక్కడున్నాడు చెప్పు?" అని అడిగేది. జవాబు ఉండేది కాదు. సర్వర్ కూడా లోపల డేటాబేస్ అందక చచ్చిపోయి ఉండి, పైకి ఊఁ అంటూనే ఉంటుంది. అందుకే మంచి హెల్త్ చెక్ అంటే ఊఁ వినడం కాదు, రాజు ఎక్కడున్నాడని అడగడం. ఒక పేజీ తెరిపించి, డేటాబేస్‌లోంచి ఒక వరస చదివించి చూడాలి.

అయితే మరీ కఠినంగా అడిగినా ప్రమాదమే. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి, గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల వాళ్ల డేటా సెంటర్ల మధ్య నెట్‌వర్క్ తెగిపోయింది. వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లకి ఒక నియమం ఉంది: డేటా సెంటర్ అందకపోతే నాకే బాగాలేదనుకుని నేను తప్పుకోవాలి. ఒక్క సర్వర్‌కి అది మంచి నియమమే. ఆ రోజు ఎవరికీ అందలేదు, అందరూ ఒకేసారి తప్పుకున్నారు.

ఇక లెక్కలు. 99 శాతం సమయం నడిస్తే బాగానే ఉందనిపిస్తుంది, కానీ ఏడాదికి మూడున్నర రోజులకి పైగా ఆగినట్టు. 99.9 అయితే ఎనిమిది గంటల నలభై ఆరు నిమిషాలు. 99.99 అయితే సుమారు 53 నిమిషాలు. 99 శాతం నడిచే మెషీన్లు రెండు పెట్టుకుని, ఏదో ఒకటి ఉంటే చాలనుకుంటే, కాగితం మీద 99.99 వస్తుంది. కాగితం మీదే! రెండూ ఒకే ప్లగ్‌కి తగిలించి ఉంటే ఆ లెక్క చెల్లదు.

ఇప్పుడు మా గుడి సంగతి. నేను వాలంటీర్‌గా చేరేటప్పటికి బుకింగ్‌కి రెండు సర్వర్లు ఉన్నాయి. ఒకటి ఆఫీసు గదిలో, ఒకటి అద్దెకి తీసుకున్న చోట. పెట్టించి ఇచ్చిన కంపెనీ "ఎప్పటికీ ఆగదు" అని చెప్పింది. నిజంగానే ఆగలేదు. వచ్చిన చిక్కు అదే.

ఒక శుక్రవారం రాత్రి ఆ రెండింటి మధ్య లైన్ రెండు గంటలపాటు తెగింది. బయటి జనానికి మాత్రం రెండూ అందుతూనే ఉన్నాయి. రెండో సర్వర్‌కి ఊఁ వినపడలేదు. మొదటిది పోయిందనుకుని తనే పెద్దనని ప్రకటించుకుంది. మొదటిదేమో హాయిగా తన పని తను చేసుకుంటోంది. ఇద్దరు కోడళ్లూ పులుసులో ఉప్పు వేసినట్టు. ఆదివారం ఉదయం పది గంటలకి ఒకే పంతులుగారిని ఒక సర్వర్ గృహప్రవేశానికి ఇచ్చింది, ఇంకోటి తద్దినానికి ఇచ్చింది. లైన్ కలిశాక రెండూ పోల్చి చూసుకుని, తర్వాత వచ్చిన బుకింగ్ ఉంచి ముందుది తుడిచేశాయి. కంపెనీవాళ్లు పెట్టిన నియమం అది. ఎవరికీ మెయిల్ వెళ్లలేదు.

ముందుది తద్దినం. తండ్రి పోయాక మొదటి సంవత్సరీకం. గృహప్రవేశానికి ఇంకో ముహూర్తం దొరుకుతుంది. తిథి మారదు. ఆ అబ్బాయి తెల్లవారి లేచి, ఉపవాసంతో, వంట చేయించి, పదకొండున్నరకి గుడికి ఫోన్ చేశాడు. ఫోన్ తీసింది నేను. కోపంగా మాట్లాడలేదు. "ఆంటీ, నా దగ్గర కన్ఫర్మేషన్ మెయిల్ ఉందండీ" అని రెండుసార్లు అన్నాడు, అంతే. తిడితే బాగుండేది. గంటన్నర దూరంలో ఉన్న రిటైరైన ఒక పంతులుగారిని బతిమాలితే, అపరాహ్నం దాటకముందే చేరుకున్నారు.

నిజానికి పెద్దపెద్దవాళ్లకీ ఇది జరిగింది. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో రెండు చోట్ల మధ్య లైన్ 43 సెకన్లు తెగింది. ఆ కొద్దిసేపట్లో పెద్దరికం తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి మారిపోయింది. అటు రాసినవి ఇటు లేవు, ఇటు రాసినవి అటు లేవు. అన్నీ సరిచూసి మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వాళ్లు చేసిన ఒక పని మాత్రం నాకు నచ్చింది. త్వరగా తెరవడం కంటే జనం రాసినవి పోకుండా చూడడమే ముఖ్యమని నిర్ణయించుకున్నారు.

ఎరిక్ బ్రూవర్ అనే ప్రొఫెసర్ 2000లో చెప్పిన విషయం ఇదే. లైన్ తెగినప్పుడు రెండిట్లో ఒకటే దక్కుతుంది: అందరికీ జవాబివ్వడం, లేదా అందరికీ ఒకే జవాబివ్వడం. మా కమిటీలో దీని మీద గంటసేపు వాదన జరిగింది. "సైట్ ఆగకూడదు" అని ఒకరు. ఏ సైట్ అండీ, అని నేను. అభిషేకం లైవ్ వీడియో రెండు సర్వర్లూ ఒకేసారి చూపించినా నష్టం లేదు, అది ఆగకూడదు. పంతులుగారు మాత్రం ఒక్కరే. బుకింగ్ ఆగినా పరవాలేదు, తప్పు చెప్పకూడదు.

అందుకని మూడో మెషీన్ పెట్టాం. చిన్నది, పుస్తకమంత ఉంటుంది, ఒక వాలంటీర్ ఇంట్లో ఉంది. అది ఏ పనీ చేయదు, సాక్షి. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే ఎవరైనా పెద్ద అవుతారు. ఒంటరిగా మిగిలిన సర్వర్ పేజీలు చూపిస్తుంది కానీ బుకింగ్ తీసుకోదు, "దయచేసి ఫోన్ చేయండి" అంటుంది. నాలుగు పెడితే ఇంకా గట్టి కదా అని ఒకాయన అడిగారు. కాదు. నాలుగింటిలో మెజారిటీ మూడు, కాబట్టి ఒక్కటి పోతేనే తట్టుకుంటుంది, మూడున్నప్పటిలాగే. అయిదు పెడితే రెండు పోయినా నడుస్తుంది. పంచాయతీకి అయిదుగురు పెద్దలు ఎందుకో అప్పుడే తట్టింది. ఇద్దరిద్దరు చీలితే తీర్పు చెప్పేవాళ్లు ఉండాలిగా.

ఇంకా మిగిలింది ఒకటి ఉంది. డొమైన్ పేరు రెన్యువల్ పాస్‌వర్డ్ ట్రెజరర్‌గారికి ఒక్కరికే తెలుసు. ఆయనకి డెబ్బై ఎనిమిది. ఈ మాట మర్యాదగా ఎలా చెప్పాలో రెండు వారాలు ఆలోచించాను, తెలుగులో ఇంకా కష్టం. చివరికి ఆయనే నవ్వి, "నేను కూడా ఊఁ కొట్టాలా అమ్మా?" అన్నారు. కవరులో రాసి సీలు వేసి బీరువాలో పెట్టారు.

నెలకోసారి, మంగళవారం మధ్యాహ్నం గుడి మూసి ఉన్నప్పుడు, ఆఫీసు గదిలోని సర్వర్ ప్లగ్ లాగేసి చూస్తున్నాం. మొన్న రెండోది నాలుగు సెకన్లలో అందుకుంది.