గిరి కిరి యైన వైనము



గడచిన వైశాఖమున నొక మధ్యాహ్నము మా తండ్రిగారి గజేంద్రమోక్షవ్యాఖ్యను కంప్యూటరులో చదువుకొనుచుండగా "త్రికూటకిరి" యను మాట కంటబడినది. గిరి యనగా కొండ. కిరి యనగా అడవిపంది. గజరాజు విహరించిన పర్వతము మా యింట పంది యైనది! నా వ్రేళ్ల తప్పిదమే యనుకొని సిగ్గుపడితిని. కాని పుష్యమాసమున పెన్‌డ్రైవులో దాచిన ప్రతిని తెఱచి చూడగా, అచట "గిరి" యనియే యున్నది. ఆ పుటను నేను మరల దిద్దలేదు. అదే ఫైలున తరువాతి పుటలు చేర్చి భద్రపఱచుచుంటిని, అంతియే.

ఒక్క యక్షరమునకు ఇంత కలవరమేల యందురేమో. మా తండ్రిగారు బోధను చెంత శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారములో గుమాస్తాగా నుండిరి. 1937లో నెలకొని 2015లో మూతపడిన కర్మాగారమది. చెఱకు ఆడు కాలము ముగిసిన పిదప, రాత్రులయందు ఆయన భాగవతమునకు వచనవ్యాఖ్య వ్రాసికొనెడివారు. నాకు చదువు చెప్పినదియు ఆ వ్రాతలతోడనే. ఆయన గతించిన పిమ్మట నోటుపుస్తకములకు చెదలు పట్టెను. ఒక్కొక్కదానిని టైపు చేసి, పొడియగుచున్న యాకులను కందకుర్తిలో మంజీర గోదావరిని కలియుచోట నీట విడిచితిమి. కావున కంప్యూటరులోని ప్రతియే మాకిప్పుడు మూలము.

ఇంజనీరింగు చదువుచున్న నా మఱిదిని పిలిచి చూపితిని. అతడు తల వంచుకొని, "వదినా, చలికాలములో మెమొరీ టైమింగులను బిగించితిని. గంటసేపు పరీక్షించితిని, ఒక్క తప్పును రాలేదు" అనెను.

ఆ బిగించుట యేమో ఆ సాయంకాలము అతనిచేతనే చెప్పించుకొంటిని. నిజాంసాగరు కాలువక్రింద సేద్యము చేయువారి కది సులభముగా బోధపడును. మెమొరీలోని గడులు మళ్లవలె వరుసలు దీరియుండును. ఒక వరుసను తెఱచిన వెంటనే అందలి సమాచారము చేతికి రాదు. తూమెత్తిన పిదప నీరు పాఱువఱకు ఆగినట్లు కొంత యాగవలెను. కావలసిన గడిని పేర్కొని మరల ఆగవలెను. వేఱొక వరుసకు పోవుటకు ముందు మొదటిదానిని మూసి మరికొంత యాగవలెను. తెఱచిన వరుసను నియతకాలమునకు ముందు మూయరాదు. మా మెమొరీపై ముద్రించిన 16-18-18-38 అను అంకెలు ఈ నిరీక్షణలే. మొదటి యంకె గడిని పేర్కొన్న పిదప ఆగు కాలము. డి.డి.ఆర్.4 3200 రకమున గడియారము సెకనుకు 160 కోట్లమారులు కొట్టుకొనును గనుక, 16 కొట్టులనగా 10 నానోసెకనులు. మా మఱిది దానిని 14 చేసెను, అనగా 8.75. కలిసివచ్చినది సెకనులో 80 కోట్లవ వంతు! ఆటలాడువారికి కొంత లాభముండునేమో గాని, నా టైపుపనికి అది తెలియనైనను తెలియదు.

అంతటితో నాగక, అతడు తిరిగి నింపు నెడమును సైతము పెంచెను. మెమొరీలోని ప్రతి గడియు కాఱు కుండ వంటిది. అందలి విద్యుత్తు జాఱిపోవుచుండును గనుక, ప్రతి వరుసను 64 మిల్లీసెకనులలోపల మరల నింపవలెను. అందులకై 7.8 మైక్రోసెకనులకొక ఆజ్ఞ వెలువడుచుండును. ఆ యెడము పెరిగినకొలది వేగము హెచ్చును, ప్రమాదమును హెచ్చును. వేడిమి పెరిగినకొలది కుండ మఱింత త్వరగా కాఱును. పుష్యమాసపు రాత్రి నిలిచినది, నిజామాబాదు వైశాఖపుటెండకు గది కుంపటి యైనపుడు నిలువలేదు. మిట్టమధ్యాహ్నము మెమ్‌టెస్ట్86తో పరీక్షింపగా మూడవ యావృత్తిలో తప్పులు బయటపడినవి.

యూనికోడులో గకారపు సంఖ్య 3095, కకారపు సంఖ్య 3093. యంత్రము వానిని సున్నలు ఒకట్లుగా వ్రాసికొనును. మొదటిదాని చివర 0111, రెండవదాని చివర 0101, తక్కినదంతయు సమానమే. ఒక్క ఒకటి సున్న యైనంతనే కొండ పంది యగును. యంత్రము ఆగిపోయినచో అది మేలే. తప్పు జరిగెనని తెలియును. ఆగక, అబద్ధమును నిజమువలె భద్రపఱచుటయే భయంకరము.

పద్యమునకు యతిప్రాసలు కాపలా. అక్షరము తప్పినచో పెక్కు చోట్ల చెవికే తెలియును. వచనమునకట్టి కాపలా లేదు. మెమొరీలోను అంతే. ఇ.సి.సి. యను రకమున 64 బిట్లకు 8 బిట్లు కాపలాయుండి, ఒక్క బిట్టు తప్పినచో దిద్దును. ఇంటి కంప్యూటరులలో సాధారణముగా నుండునది వచనమువంటి మెమొరీయే.

మీ యిండ్లలో పిల్లలెవరైన ఈ పనికి పూనుకొన్నచో కోపపడకుడు. కాని యీ క్రమమును పాటింపజేయుడు. మొదట విలువైనవానిని రెండు చోట్ల, ఆ యంత్రమునకు వెలుపల, దాచవలెను. పాత యంకెలను కాగితముపై వ్రాసికొనవలెను. ఒక్కొక్క అంకెను ఒక్కొక్క మెట్టే తగ్గించి పరీక్షింపవలెను. మెమొరీపై ముద్రించిన వోల్టులను మీఱరాదు. కంప్యూటరు మొదలుకానిచో, విద్యుత్తు తీసివేసి, మదర్‌బోర్డుపై నున్న గుండ్రని బ్యాటరీని కొంతసేపు తొలగించినచో సాధారణముగా పాత యమరిక తిరిగి వచ్చును. పరీక్ష రాత్రియంతయు సాగవలెను. ఎండకాలపు మధ్యాహ్నమున మరల చేయవలెను. ఒక్క తప్పు కనబడినను ఆ యమరిక పనికిరానిదే.

మా మఱిది అన్నిటిని మునుపటి యంకెలకు మార్చి, రెండు దినములు పరీక్షించి యిచ్చెను. పుష్యమాసమునకు ముందటి పుటలను పెన్‌డ్రైవు ప్రతితో సరిచూచితిని. ఆ పిదప టైపు చేసినవానికి వేఱు ప్రతి లేదు. మూలము గోదావరిలో కలిసినది. వానిని చదువుచు, అర్థమునుబట్టి దిద్దుకొనుచున్నాను. ఒకచోట మాత్రము తేలలేదు. మొసలి పట్టుటకు పూర్వము గజేంద్రుడు "నాకసుఖము" ననుభవించెనని యున్నది. నాకమనగా స్వర్గము, నాగమనగా ఏనుగు. స్వర్గసుఖమనినను పొసగును, ఏనుగు సుఖమనినను పొసగును. నాన్నగారు ఏది వ్రాసిరో చెప్పువారు లేరు. ఆ మాటప్రక్క ఒక చుక్క గుర్తు పెట్టి, ముందుకు సాగితిని.