గుప్పెడు ఉప్పు

మా ఇంట్లో ఏది చెడిపోయినా తప్పు ముందు మావారిది, ఆ తర్వాత పనిమనిషిది. నా దాకా ఎప్పుడూ రాలేదు. ఈమధ్య ఓ గాజుతొట్టి వచ్చి ఆ లెక్క కాస్తా తారుమారు చేసింది.

మనవడికి తొమ్మిదో పుట్టినరోజని అబ్బాయి అక్వేరియం కొన్నాడు. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, అడుగున గులకరాళ్లు, ఓ చిన్న మోటారు. వారం తిరక్కుండానే నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి. నేను కాలవనీళ్లు తాగి పెరిగినదాన్ని. బిందెలో పటికముక్క నాలుగు చుట్లు తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా, తెల్లారేసరికి మడ్డి అడుగునా తేట పైనా ఉండేవి. "ఇంతదానికి హైరానా ఎందుకురా?" అన్నాను.

"ఆ తెలుపుతో భయం లేదమ్మా, కంటికి కనపడని అమ్మోనియాతోనే" అని వాడు జియోలైట్ రాళ్లు తెచ్చి, వలసంచీలో పోసి ఫిల్టర్లో పెట్టాడు. బూడిదరంగులో, శనగగింజంతేసి ఉన్నాయి. చేపల మొప్పల్లోంచీ, మిగిలి కుళ్లిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుందిట. దాన్ని హరాయించుకునే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నెలో నెలన్నరో పడుతుంది. అందాకా ఈ రాయి కాపలా.

1756లో క్రాన్‌స్టెట్ అనే స్వీడన్ ఆయన ఇలాంటి రాయినే కాలిస్తే ఆవిరి పొంగిందట. అందుకని గ్రీకుమాటల్లో "మరిగే రాయి" అని పేరుపెట్టాడు. ఇదంతా మావారు పేపరు మడిచి మరీ చెప్పారు. నేను పోపు మాడుతోందని లేచిపోయాను. పూర్తిగా విని ఉంటే బాగుండేది.

మూడోవారంలో ఒక చేప రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంది. పక్కింటావిడ "గుప్పెడు కల్లుప్పు వెయ్యండి, మా చేపలకి అలాగే తగ్గింది" అంది. నా చెయ్యి సంగతి మీకు తెలియదు. ఆవకాయ కలిపే చెయ్యి. గుప్పెడనుకున్నది రెండయింది.

తెల్లారేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలాయి. నాలుగోది నీటిపైకొచ్చి నోరు తెరుచుకుని ఆపసోపాలు పడుతోంది. మనవడు బిక్కమొహం వేశాడు. "నేనే చంపేశాను నానమ్మా! రాత్రి దొంగతనంగా మేత వేశాను" అని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నాను గాని, ఉప్పుమాట ఎత్తలేదు. అబ్బాయి చకచకా సగం నీళ్లు మార్చాడు.

భీమవరం దగ్గర చేపల చెరువులున్న మా తమ్ముడికి చాటుగా ఫోను చేశాను. "ఉప్పేమైనా వేశావా అక్కా?" అన్నాడు ఎకాయెకిని. నా నోట మాట లేదు.

"ఆ రాయినిండా కంటికి ఆనని గదులుంటాయి. వాటిల్లో సోడియంలాంటివి కాపురముంటాయి. మంచినీళ్లలో అమ్మోనియా వస్తే, గది ఖాళీచేసి దానికిస్తాయి. నువ్వు ఉప్పు పోసేసరికి సోడియం తండోపతండాలుగా వచ్చిపడి, మూడువారాలుగా దాగిన అమ్మోనియాని మళ్లీ నీళ్లలోకి గెంటేసింది. అందుకేగా, ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో దీని పప్పులు అంతగా ఉడకవు" అన్నాడు.

మేత ఎక్కువైతే అమ్మోనియా పెరిగేమాట నిజమే. ఆ మాట అడ్డంపెట్టుకుని సగం తప్పు పసివాడికి అంటగట్టవచ్చని నాకు తోచకపోలేదు. రోజంతా తోస్తూనే ఉంది. సాయంత్రం వాడు అన్నం తిననని కంచం తోసేస్తే ఇక ఆగలేకపోయాను.

"నీ మేతవల్ల కాదు నాన్నా, నేనేసిన ఉప్పువల్ల" అన్నాను.

వాడు నావంక అలా చూస్తూ ఉండిపోయాడు. కోడలు నావంక చూడకుండా పళ్లెం తీసింది. ఆ రాత్రి వాడు నా పక్కన పడుకోలేదు.

మర్నాడు స్కూలునుంచి వచ్చి, వలసంచీ పట్టుకుని నిలబడ్డాడు. "ఇవి పారెయ్యాలా నానమ్మా?"

"అక్కర్లేదు, తమ్ముడు తాతయ్య చెప్పాడు" అన్నాను. తొట్టిలో కొంప ముంచిన ఉప్పే బకెట్లో పనికొస్తుంది. ఉప్పునీళ్లలో ఒకరోజు నానేస్తే అమ్మోనియా అంతా దిగిపోయి గదులు మళ్లీ ఖాళీ అవుతాయి. ఆ ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. వాడు ఏడుసార్లు కడిగాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎండబెట్టడానికి మాత్రం నా పాతచీర అడిగాడు.

బతికిన చేప మేతకి పైకొస్తోంది. రాళ్లు మేడమీద ఆరుతున్నాయి. ఇందాక మావారు పైకి వెళ్లొచ్చి, "ఈసారి వడియాలు మరీ రాళ్లలా పెట్టావేమిటి?" అని దవడ పట్టుకున్నారు.