కూలి ఇచ్చి నేర్పే చదువు

మలాయిలో మనం బకావ్ అంటామే, ఆ చెట్లుండే అడవిని తెలుగులో మడ అడవి అంటారు. ఆంధ్రలో కాకినాడ దగ్గర కోరింగలో ఉంది. మన పెరాక్‌లో మాతాంగ్‌లో ఉంది. రెండు దేశాల్లోనూ ఉప్పునీటి బురదలో నిలిచే చెట్లే.

మాతాంగ్ అడవి దాదాపు 40,000 హెక్టార్లు. అక్కడ చెట్టును 30 ఏళ్ళు పెంచి కొడతారు. క్వాలా సెపెతాంగ్ బట్టీల్లో బొగ్గు కాలుస్తారు. చెట్లకు 15 ఏళ్ళు వచ్చినప్పుడు 1.2 మీటర్ల కర్ర పట్టుకుని వెళ్తారు. మంచి చెట్టును ఎంచి, దాని చుట్టూ కర్రంత దూరంలో ఉన్నవాటిని తీసేస్తారు. 20 ఏళ్ళప్పుడు కర్ర 1.8 మీటర్లు. కొట్టిన చోట, కావలసినప్పుడు, మళ్ళీ మొక్కలు నాటుతారు. నూరేళ్ళకు పైగా ఇలా సాగుతోంది. ఆ కర్ర వెనుక ఎన్ని ఉద్యోగాలున్నాయో చూడండి: కొలిచేవారు, మొక్కలు పెంచేవారు, నీటిని పరీక్షించేవారు, మ్యాపులు గీసేవారు. ఇవన్నీ మన పిల్లలు చేయగల పనులే.

నా క్లాసులో ఫారం ఫోర్ చదివే అబ్బాయి ఒకడున్నాడు. బయాలజీలో చురుకైనవాడు. సెలవుల్లో రెండు వారాల ప్రకృతి శిబిరం ఉంది, ఫీజు లేదు, వెళ్ళమన్నాను. వాడు వెళ్ళలేదు. సెలవుల్లో హోటల్లో పని చేస్తాడు. వాళ్ళమ్మ నన్ను అడిగింది: “ఫీజు లేదు సరే టీచర్, ఆ రెండు వారాల కూలి ఎవరిస్తారు?”

ఆమె అడిగింది న్యాయమే. మన తాతముత్తాతలు ఒప్పందం మీద, ఆ తర్వాత కంగాణీల వెంట, ఓడెక్కి ఈ దేశం వచ్చారు. అడవి నరికి రబ్బరు, కొబ్బరి నాటినందుకు వాళ్ళకు కూలి ఇచ్చారు, ఎంత తక్కువైనా. అడవిని నిలబెట్టడం నేర్చుకునే మునిమనవడికి ఎందుకు ఇవ్వకూడదు?

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో 1970లోనే యూత్ కన్జర్వేషన్ కోర్ మొదలైంది. 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలు వేసవిలో పార్కుల్లో, అడవుల్లో పని చేస్తారు, నేర్చుకుంటారు, జీతం తీసుకుంటారు.

మీ ఊరి సంఘంలో చదువుల నిధి ఉందా? అయితే వచ్చే సమావేశంలో ఒక్క మాట అడగండి. శిబిరానికి వెళ్ళే ఒక్క పిల్లకు, లేదా పిల్లాడికి, హోటల్లో వచ్చే కూలి అంత ఇవ్వగలమా? పుస్తకాలకు ఇస్తున్నాం, ఫీజులకు ఇస్తున్నాం. ఆ రెండు వారాల కూలిని కూడా చదువు ఖర్చు కిందే రాసుకుందాం.