బరువునకు తగిన తావు

దూరప్రయాణము చేయువానికి బండి యెంత ముఖ్యమో, బండిలో సామాను సర్దుకొను విధమును అంత ముఖ్యము. ఈ సంగతి మన పెద్దలు బాగుగా ఎరిగినదే. రోడ్లు బాగుపడి, రైళ్లు పెరిగిన పిమ్మట ఆ విద్యతో మనకు పని తగ్గినది. ఇటీవల మన యిండ్లలోని యువకులు రోడ్డు సరిగా లేని కొండలకును ఎడారులకును జీపులలో పోవుట ఆరంభించినందున మరల దానితో పని పడినది. వారిలో కొందరు ఇనుప చట్రములను, చెక్కపెట్టెలను తామే చేసికొని వాహనములకు బిగించుకొనుచున్నారు. అట్టి కారియరు నొకదానిని గూర్చి మేము చూచినదియు విన్నదియు చదువరులకు మనవి చేయుచున్నాము.

2022వ సంవత్సరమున మా మేనల్లుడును అతని మిత్రులిద్దరును బరంపురమునుండి మనాలి మీదుగా లేహ్ పట్టణమునకు ఒక పాత డీజిలు జీపులో పోవ సంకల్పించిరి. 2020లో అటల్ సొరంగము తెరచిన తరువాత ఆ దారిలో రోహతాంగ్ కనుమ నెక్కవలసిన అవసరము తప్పినది గాని, ఆవలి కనుమలు తప్పలేదు. వానిలో తంగ్‌లంగ్ లా 5,000 మీటర్లకు మించిన ఎత్తున నున్నది. మంచు కరిగిన నీరు అక్కడక్కడ రోడ్డునకు అడ్డముగా పారును. రాళ్లు తేలిన గతుకులు మైళ్ల కొలది యుండును. ఊళ్లు దూరదూరముగా నుండుటచే డీజిలును, నీటిని వెంట గొనిపోవలెను.

మా చెల్లెలు భయపడి, "అన్నయ్యా, వాడు నా మాట వినడు. నువ్వైనా వద్దని చెప్పు" అని మమ్ము బ్రతిమాలినది. మేము పోవునప్పటికి యువకులు జీపు కప్పుమీద పెద్ద చట్రము వేయుటకు కొలతలు తీయుచుండిరి. సామానంతయు పైననే కట్టుదురట. వలదనుట మాకు ఉచితముగా తోచలేదు. గుమాస్తా పనిలో తల నెరసినవారము. లెక్క అడుగుటయే మాకు తెలిసిన ఉపాయము. ప్రతి వస్తువును తూచి కాగితముమీద వ్రాయుమంటిమి.

"అంతా కలిపినా ఎనభై కిలోలు దాటదు, మామయ్యగారూ" అని మేనల్లుడు నవ్వెను.

తూచి వ్రాసిన పట్టీ ఇది: ఇరువది లీటర్ల డీజిలు డబ్బాలు రెండు, 42 కిలోలు; నీళ్ల డబ్బా, 21; అదనపు చక్రము, 25; పనిముట్ల పెట్టె, 18; గుడారమును పరుపులును, 24; పొయ్యి, వంటసామాను, తిండిదినుసులు, 20. వెరసి 150 కిలోలు. వారు తలపెట్టిన చట్రమునకు అంగుళము చదరపు ఇనుప గొట్టము 20 మీటర్లు కావలెను. 1.6 మిల్లీమీటర్ల మందము గల ఆ గొట్టము మీటరునకు సుమారు 1.2 కిలోలు తూగును. అనగా మరియొక 24 కిలోలు. మొత్తము 174. ముగ్గురు సన్నని మనుష్యులను కప్పుమీద కూర్చుండబెట్టి కొండ లెక్కించినట్లే!

ఆ పట్టీని తీసికొని అందరమును మా వీధిలోని వృద్ధ వడ్రంగి యొద్దకు పోతిమి. డెబ్బది దాటిన ఆయన యౌవనములో ఎద్దుబండ్లు చేసినవాడు. పట్టీ వినిపించుకొని, ఆయన జీపు మాట ఎత్తక బండి మాట చెప్పెను. బండికి రెండే చక్రములు. బరువు ఇరుసునకు వెనుక ఎక్కువైనచో నొగలు పైకి లేచి, కాడితోపాటు మెడతాళ్లు ఎద్దుల గొంతులను బిగించును. ముందు మితిమీరినచో కాడి మెడలను పుండ్లు చేయును. కావున బరువును ఇరుసుమీద నిలిపి, కొంచెము మాత్రమే ముందునకు మొగ్గునట్లు సర్దవలెను. గడ్డి వంటి తేలిక సామాను పైన, ధాన్యపు బస్తాలు అడుగున నుండవలెను. "ఎద్దుకి నోరు లేదు బాబూ. ఇరుసును చూసి మనమే తెలుసుకోవాలి" అని ముగించెను.

జీపునకు నాలుగు చక్రములున్నను న్యాయ మొక్కటియే. వెనుక ఇరుసునకు ఆవల బరువు వ్రేలాడినచో ముందు చక్రములు తేలికపడి స్టీరింగు పట్టు తప్పును. కప్పుమీద బరువు పెరిగినచో ప్రక్కకు వాలిన దారిలో వాహనము బోల్తాపడుటకు దగ్గరగును. యువకులు తమ నమూనాను మార్చివేసిరి. వెనుక సీట్లలో ఒకదానిని తీసి, ఆ తావున 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో అరలు గల పెట్టె చేసిరి. డబ్బాలు, పనిముట్లు, చక్రము రెండు ఇరుసుల నడుమ నేలమట్టమున చేరినవి. పలుచని రేకు చిరుగకుండ బోల్టులకు అడుగున వెడల్పైన ఇనుప బిళ్లలు వేసిరి. పెట్రోలు వాహనమైనచో డబ్బాలను ఇట్లు లోపల నుంచుట ప్రమాదము. దాని ఆవిరి సులభముగా అంటుకొనును. కప్పుమీద గుడారము, పరుపులు మాత్రమే మిగిలినవి. వానికి 8 మీటర్ల గొట్టము చాలినది. పైబరువు 174 కిలోలనుండి 34 కిలోలకు దిగినది.

వాహన నిర్మాణమును యథేచ్ఛముగా మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఒప్పుకొనదు. అందుచే జీపు చట్రమును కోయక, అన్నింటిని విప్పి తీయగలుగునట్లు బోల్టులతోనే బిగించిరి. గతుకులలో నట్లు వదులగుట సహజము గనుక, ప్రతి నట్టునుండి బోల్టు మీదుగా తెల్లరంగు గీత నొకటి గీసిరి. గీత విరిగి కనబడినచో నట్టు తిరిగినదని అర్థము. ప్రతి సాయంకాలము ఆ గీతలను చూచుట ఒకరి వంతు.

ఈ విద్య కొత్తది కాదు. 1940లో బాగ్నోల్డు అను బ్రిటిషు సైనికోద్యోగి ఈజిప్టులో స్థాపించిన ఎడారి దళమువారు బరువు తగ్గించుటకై లారీల తలుపులను, కప్పులను, ముందరి అద్దములను తీసివేసిరి. నేడు మన యువకులు మోయు ఇరువది లీటర్ల డబ్బా 1937 ప్రాంతమున జర్మనులు రూపొందించినది. మూడు పిడులుండుటచే ఇద్దరు పట్టి మోయవచ్చును. ఖాళీవి రెండింటిని ఒక చేతనే పట్టవచ్చును. నాటి బ్రిటిషు పలుచని డబ్బాలు దారిలోనే కారిపోవుటచే, వారును శత్రువుల డబ్బాలనే ఏరుకొనిరి. జర్మనులను 'జెర్రీ'లని పిలుచు వాడుకవలన దానికి జెర్రీకాను అను పేరు వచ్చినది.

ప్రయాణములో సర్చూ దాటిన తరువాత కప్పుమీది చట్రము కాలొకటి అతుకుదగ్గర పగిలినది. సాయంకాలపు పరీక్షలో అది బయటపడినది. పైన నున్నది పరుపులే గనుక వానిని లోపలికి దించి, కాలిని త్రాటితో కట్టి, మెల్లగా లేహ్ చేరి అతికించుకొనిరి. 174 కిలోల క్రింద ఆ కాలు విరిగినచో ఒక ప్రక్క కొండయు, ఒక ప్రక్క లోయయు గల ఆ దారిలో ఏమగునో మా చెల్లెలికి మేము చెప్పలేదు. లేహ్ నుండి మేనల్లుడు ఫోనులో, "బరువంతా ఇరుసుల మధ్యే ఉంది, మామయ్యగారూ. తాతగారికి చెప్పండి" అనెను.

ఆ మాట మాకు రెండు విధముల సంతోషము కలిగించినది. బరంపురము 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు మద్రాసు రాజధానిలో నుండెను. మా పెద్దలు ఉన్నచోటనే ఉండగా సరిహద్దు కదలినది. మా పిల్లలు ఒడియాలోను, ఇంగ్లీషులోను చదివి, ఇంట అన్నము, నీళ్లు అడుగుటకు మాత్రమే తెలుగు వాడుచుందురు. నొగ, ఇరుసు, కాడి అను మాటలు మా మేనల్లుడు వడ్రంగి నోట వినుటయే మొదటిసారి. ప్రాణరక్షణకు పనికివచ్చిన మాట గనుక అతడు దానిని మరువలేదు. తెలుగు గొప్పదని మేము సభలలో ఎన్ని యేండ్లు చెప్పినను అంత పని జరుగలేదు.

మన సంఘములు ఏటేట నాటకములు, పద్యపఠనములు జరుపుట మెచ్చదగినదే. వానితోపాటు వడ్రంగులను, కమ్మరులను, పడవలు కట్టువారిని పిలిచి, పిల్లలచేత వారియొద్ద ఏదేని ఒక వస్తువును చేయించవలెనని మా మనవి. అట్టి వృద్ధులు ఊరూర ఇంకను కొందరు మిగిలియున్నారు, ఆలస్యము తగదు. తూకపు పట్టీ నకలును, పెట్టె కొలతలను మేము వ్రాసి యుంచితిమి. దూరప్రయాణము తలపెట్టు యువకులు కోరినచో సంతోషముతో ఇచ్చెదము.