కావడి బద్ద మార్చినప్పుడు

మా గూడెంలో ముగ్గురం కలిసి ఒక బండి కొన్నాం. గోకవరంలో దొరికిన పాత స్ప్లెండర్ అది. చీపుర్లు అమ్మిన డబ్బులు ఒకరివి, జీడిపిక్కల డబ్బులు ఒకరివి, రోడ్డు పనికి పోయి తెచ్చిన కూలి ఒకరిది. అందుకే ఇందులో 'నేను' అనే మాట రాదు. బండి మాది, దాని మీద చేసిన పని మాది, జరిగిన తప్పు కూడా మాదే.

మారేడుమిల్లి కొండల్లో బండి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మన తాతలు కావడి మీద మోసినవన్నీ ఇప్పుడు బండి మీద పోతున్నాయి. సంతకు చింతపండు, డిపో నుంచి బియ్యం, సెలవులకు హాస్టలు పిల్లలు, అంబులెన్సు ఆగే చోటి దాకా రోగులు. ఈ అవసరం తెలిసే 2018లో ప్రభుత్వం కూడా బైకునే అంబులెన్సుగా అమర్చి ఏజెన్సీకి పంపింది. కంపెనీ బండిని చేసింది తారురోడ్డు కోసం, ఇద్దరి కోసం. మేం నడిపేది రాళ్ళబాట మీద, బస్తాలతో. కాబట్టి ఏదో ఒకటి మార్చకుండా మన దగ్గర ఏ బండీ ఉండదు. వెనక ఇనుప స్టాండు కట్టిస్తాం, సీటు కింద చెక్క పెడతాం, తెగిన వైరును ముడేసి నడుపుతాం. పనికోసం చేసేవి కొన్ని. సోకు కోసం అద్దాలు పీకడం, సైలెన్సర్ లోపలి గొట్టం తీసేయడం లాంటివి మరికొన్ని.

మేం మార్చింది హ్యాండిల్. చింతపండు బస్తాను ట్యాంకు మీద పెట్టుకుని దిగుతుంటే మలుపులో హ్యాండిల్ బస్తాకు తగులుతోంది. పైగా గంటసేపు వంగి నడిపితే మణికట్లు లాగుతున్నాయి. హ్యాండిల్ ఎత్తు చేస్తే రెండు బాధలూ పోతాయని ఇంట్లో చెప్పాం. అది నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం ఫోన్లో చూసిన వీడియోలది. భుజాల ఎత్తుకు లేచిన హ్యాండిళ్ళు పట్టుకుని పోయేవాళ్ళను చూసి మాకూ మనసైంది.

రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లో ఒక పెద్ద హ్యాండిల్ దొరికింది. లావు సరిపోయింది కాబట్టి పాత క్లాంపులోనే కూర్చుంది. నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడమే కదా అనుకున్నాం. చింతచెట్టు కింద ఒక్క పొద్దులో పని అయిపోయింది. కొత్త హ్యాండిల్ పాతదానికన్నా జానెడు ఎత్తు. వైర్లు మాత్రం పాతవే. క్లచ్ వైరు అందకపోతే అడ్జస్టరును చివరిదాకా తిప్పి అందించాం. ముందు బ్రేకు వైరును దాని కొక్కెంలోంచి తప్పించి దగ్గరి దారిన లాగాం. యాక్సిలేటర్ వైరు హ్యాండిల్ నిటారుగా ఉన్నంతసేపు సరిగ్గా అందింది. బడి ముందున్న మైదానంలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపి చూశాం. బాగానే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మైదానంలో మలుపు లేదు. ఆ మాట మాకు తట్టలేదు.

పది రోజులు తిరిగాం. సంతలో బండిని ఎడమకు తిప్పి నిలబెట్టేటప్పుడు ఇంజను తనంతట తనే గుర్రుమనేది. "బండికి హుషారొచ్చిందిరా" అని నవ్వుకున్నాం. బండి మాకు చెబుతోంది. మేం వినలేదు.

పదకొండో రోజున మా పిన్నికి జ్వరం ముదిరింది. అంబులెన్సు మా గూడేనికి రాదు, కింద తారురోడ్డు దాకానే. మాలో ఒకడు ముందు, నడుమ పిన్ని, ఆమెను పట్టుకుని వెనక ఇంకొకడు. ముగ్గురు ఎక్కకూడదని తెలుసు. డోలీ కట్టడానికి మనుషులు లేని పొద్దు అది. గూడెం దిగిన కాసేపటికే పెద్ద బండను చుట్టి బాట ఎడమకు తిరుగుతుంది. అక్కడ హ్యాండిల్ పూర్తిగా కోయాలి. కోశాడు. చెయ్యి కదపకుండానే ఇంజను అరిచింది, బండి ముందుకు దూకింది. కంగారుగా ముందు బ్రేకు పట్టాడు. దగ్గరి దారిన లాగి బిగించిన వైరు కదా, ఒక్కసారిగా పట్టేసింది. గులక మీద ముందు చక్రం జారింది. పిన్ని మీద బండి పడకుండా వెనకవాడు తన కాలు అడ్డం పెట్టాడు. అయినా ఆమె ఎడమ ముంజేయి విరిగింది.

జ్వరం వారంలో తగ్గింది. చేతికి కట్టు మాత్రం నెలన్నర ఉంది. ఆ నెలన్నరా పిన్ని పనులు మేమే చేశాం. నీళ్ళు మోశాం, గంటె జావ కాశాం. ఆమె ఒక్కరోజూ తిట్టలేదు. ఒకనాడు మాత్రం బండి వైపు చూసి ఇలా అడిగింది.

"ఒరేయ్, కావడి బద్ద మార్చినప్పుడు తాళ్ళు కొలుచుకోరా మీరు?"

మా ముగ్గురికీ నోట మాట రాలేదు. కావడి మోసిన ఇళ్ళలోనే పుట్టాం. బద్ద పొడుగు మారితే తాళ్ళు మార్చాలి. మోసేవాడి ఎత్తు మారినా మార్చాలి. తాడు పొట్టిదైతే ఏ మలుపులోనో బుట్ట మోకాలికి కొడుతుంది. ఈ మాట మాకు తెలుసు. బండి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాం. అది కంపెనీ వస్తువనీ మన తెలివి దానికి పనికిరాదనీ అనుకున్నామో ఏమో.

ఆ తరవాత రంపచోడవరంలో ఒక పెద్ద మెకానిక్కు దగ్గర కూర్చుని నేర్చుకున్నాం. ఆయన ముందుగా పాత వైరును కోసి చూపించాడు. బయట తొడుగు, లోపల తీగ. తొడుగు కదలకుండా నిలబడితేనే లోపలి తీగ లాగినంత లాగుతుంది. ఈ పద్ధతిని బౌడెన్ కేబుల్ అంటారు. 1896లో ఇంగ్లండులో బౌడెన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. సైకిలు బ్రేకు నుంచి మన క్లచ్ దాకా అదే సూత్రం. హ్యాండిల్ ఎత్తు పెంచి వైరును పొట్టిగా వదిలేస్తే, హ్యాండిల్ తిప్పినప్పుడు తొడుగు లాక్కుపోయి తన చోటు నుంచి జరుగుతుంది. తొడుగు జరిగితే లోపలి తీగ లాగినట్టే. కార్బురేటరులో పిస్టను పైకి లేస్తుంది, ఇంజను అరుస్తుంది. ఆ బండ దగ్గర జరిగింది ఇదే. దెయ్యమూ కాదు, తలరాతా కాదు.

వైరు కొలవడం ఎలాగో కూడా చెప్పాడు. టేపు అక్కర్లేదు, పురికొస చాలు. లివరు దగ్గర నుంచి వైరు అసలు పోయే దారి వెంట పురికొసను పరవాలి. హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పాలి. ముందు ఫోర్కులను అదిమి చూడాలి. ఇన్నిటిలోనూ పురికొస బిగవకూడదు. అలాగని వేలాడి దేనికో చుట్టుకోనూ కూడదు. ఆ పొడుగు వైరే వేయాలి. ఎక్కడా చటుక్కున మడత పడకుండా గుండ్రంగా తిప్పాలి. లోపలి తీగ పోగులు ఒకటి తెగినా ముడేయకుండా వైరు మార్చేయాలి. యాక్సిలేటర్ గ్రిప్పు దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్లు, క్లచ్ లివరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఖాళీ ఆట ఉండాలి. హెడ్‌లైటు, హారను, స్విచ్చుల తీగలకూ ఇదే లెక్క. అవి మెడ దగ్గర నలిగితే రాత్రిపూట ఘాటులో లైటు ఆరిపోతుంది.

చివరికి ఆయన మా బండికి చేసింది చూసి ఆశ్చర్యపోయాం. పాత హ్యాండిలే మళ్ళీ ఎక్కించాడు. దాని మీద క్లాంపుకు సరిపోయేలా కంపెనీ వేసిన చుక్క గుర్తు ఉంది. అంతకుముందు బండి వాడినవాళ్ళు ఎవరో దాన్ని తప్పించి బిగించారు. గుర్తు కలిపి, లివర్లను మా చేతివాలుకు తగ్గట్టు కాస్త కిందికి తిప్పాడు. మణికట్ల నొప్పి పోయింది. చింతపండు బస్తాను రెండు చిన్న మూటలు చేసి వెనక స్టాండుకు చెరోపక్క కట్టమన్నాడు, కావడిలాగే. జానెడు ఎత్తు కావాలని మేం అనుకున్నాం. బండికి కావాల్సింది అంగుళం కూడా కాదు.

చట్టం మాట కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి, ఆర్సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణ తరవాత అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. దివ్యాంగులు తమకు వీలుగా బండిని మార్చుకోవడానికి మాత్రం చట్టంలోనే దారి ఉంది. 5,000 అంటే మనకు ఎన్ని కట్టల చీపుర్లో తమ్ముళ్ళు లెక్కేసుకోండి.

అయినా మేం జరిమానాకు భయపడి ఈ వ్యాసం రాయలేదు. మన పిల్లల చేతుల్లో పని ఉంది. గొడ్డలికి కామ ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళే చెక్కుకుంటారు. ఆ చేతులు బండి మీద పడకుండా ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు. కానీ గొడ్డలి కామ తప్పితే చెక్కినవాడి చెయ్యే బొబ్బలెక్కుతుంది. బండి వైరు తప్పితే వెనక కూర్చున్న మనిషి చెయ్యి విరుగుతుంది.

పంతుళ్ళకు మాదొక మనవి. బలం, ఘర్షణ, మీటల పాఠం చెప్పే రోజున బడి ముందు ఆగి ఉన్న బండి దగ్గరికి పిల్లలను తీసుకుపోండి. క్లచ్ లివరు చూపించండి, పురికొస ఇచ్చి వైరు దారి కొలవమనండి. పుస్తకంలో మీట బొమ్మ మరిచిపోయేవాడు దీన్ని మరిచిపోడు. వాడు రేపు ఎవరినో ఒకరిని ఎక్కించుకుని ఆ బండను చుట్టి దిగాల్సినవాడే.

ఆ పెద్ద హ్యాండిల్ ఇప్పుడు పిన్ని ఇంటి చూరుకు వేలాడుతోంది. దానికి విత్తనాల సొరబుర్రలు తగిలించుకుంది. మేం బండి తీసే ప్రతిసారీ ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్ ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి చెవి పెడతాం. చప్పుడు మారకపోతేనే బయల్దేరతాం. పిన్ని గడపలో నిలబడి, అతికిన చేత్తో పొమ్మని సైగ చేస్తుంది.